50 గజాల్లో పూరీ అంత గ్రూపు: తప్పు తుపాకీదా, నాదా?

#1 గోదారోడు_డల్లాస్

అందరికీ నమస్కారమండి. ఏడాదిగా చదవడమే తప్ప రాసింది లేదు, ఇదే మొదటి పోస్టు.

గ్రీన్ కార్డు చేతికొచ్చాక ఒక రూగర్ 10/22 కొన్నాను, .22 అనే చిన్న తూటాలు కాల్చే రైఫిలు. అన్నిట్లోకీ మామూలు రకం: చెక్క బట్టు (భుజానికి ఆనించే భాగం), 18.5 అంగుళాల బ్యారెలు, 10 రౌండ్ల మ్యాగజైను. దాని మీద ఓ చవక స్కోపు నేనే బిగించాను. ఇవాళ మూడోసారి రేంజికి వెళ్ళాను.

50 గజాల్లో, బెంచీ మీద కూర్చుని పది గుళ్ళు కాల్చాను. కాగితం ఇంటికి తెచ్చి కొలిస్తే బాగా ఎడంగా పడ్డ రెండు చిల్లుల మధ్య 3 అంగుళాల ముప్పావు, గ్రూపు అంటే ఈ కొలతే. మా ఇంట్లో పూరీ దాదాపు అంతే ఉంటుంది. పక్క బెంచీలో ఓ పెద్దాయన అచ్చం ఇదే తుపాకీతో రూపాయి బిళ్ళంత చోటులో ఐదేసి కొడుతున్నాడు.

నెట్‌లో చూస్తే ఒకాయన బ్యారెలు మార్చమంటాడు, ఇంకొకాయన ట్రిగ్గర్ మార్చమంటాడు. బ్యారెలుకే రెండు వందల డాలర్లు దాటేలా ఉంది. మార్చేయమంటారా?

#2 ఓరుగల్లు_శీను (హ్యూస్టన్)

అన్నా, .22 తోని ఏం కొడ్తవ్ చెప్పు. అది పిల్లలు నేర్చుకునే తుపాకి. దాని మీద పైసల్ పెట్టుడు దండుగ. ఏఆర్-15 రైఫిల్ తీస్కో, సాదాది చాలు. నాది గంతే, డబ్బాల కెళ్ళి తీసినప్పటి సంది ఒక్క స్క్రూ ముట్టలే. 100 గజాల్ల అంగుళం కొడ్తది.

#3 పాత_తూటా (ఒహాయో)

గోదారోడు గారూ, బ్యారెలు సంగతి తర్వాత. ముందు ఈ నాలుగూ చెప్పండి. ఏ గుళ్ళు వాడారు? తుపాకీ ముందు భాగం దేని మీద ఆనించారు? స్కోపు బిగించాక స్క్రూలు మళ్ళీ చూశారా? పది గుళ్ళూ ఎంతసేపట్లో కాల్చారు?

శీనూ, నీ అంగుళం గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం.

#4 సీమ_టపాకాయ్

ఏమప్పా, గురి మీద పోస్టు వచ్చిందంటే అర్జునుడు, చెట్టు మీద పక్షి, దాని కన్ను అని ఎవురో ఒకరు మొదలు పెడతారు. ఈసారి ఎత్తినోళ్ళకి నేనే రిపోర్టు కొడతా, చూసుకోండి.

#5 గోదారోడు_డల్లాస్

పాత తూటా గారూ, వరసగా చెప్తాను.

గుళ్ళు: 500 లూజుగా పోసి అమ్మే డబ్బా. అన్నిట్లోకీ చవకది అదే కనిపించింది. 36 గ్రెయిన్ల (గుండు బరువు) రాగిపూత రకం.

ఆనించింది: ఏమీ లేదండి. మోచేతులు బెంచీ మీద పెట్టి పట్టుకున్నాను.

స్క్రూలు: మీరడిగాక ఇప్పుడే గరాజులోకి వెళ్ళి చూశాను. స్కోపు రింగులు గట్టిగానే ఉన్నాయి గానీ కింద వాటిని తుపాకీకి పట్టి ఉంచే బేసుకి ఉన్న నాలుగు స్క్రూల్లో ఒకటి గోటితో తిప్పితే తిరిగింది. సిగ్గేసింది.

టైము: నిమిషం కూడా పట్టి ఉండదు. సెమీ ఆటోమేటిక్ కదా, నొక్కుతుంటే పోతూనే ఉంది, చేయి ఆగలేదు.

ఇంకో మాట. మా నాన్నగారు విజిటర్ వీసా మీద వచ్చి మా దగ్గరే ఉన్నారు. 17 ఏళ్ళు ఆర్మీలో చేసి హవల్దారుగా రిటైరయ్యారు. మాది మిలటరీ మాధవరం పక్క ఊరు, ఊరి పేరులోనే ఉంది కదా సంగతి. ఆయన రేంజిలో వెనక కుర్చీలో కూర్చుని అంతా చూశారు. కారెక్కాక ఒకటే అన్నారు: "ఒరేయ్, కాల్చే ముందు కన్ను మూసేస్తున్నావు. మూసుకుని కాల్చేదానికి స్కోపెందుకురా?"

#6 వీసా_వెయిటింగ్

మధ్యలో దూరుతున్నందుకు సారీ అండి. నాది హెచ్1బి. స్నేహితుడితో రేంజికి వెళ్ళి అక్కడ అద్దెకిచ్చే తుపాకీ కాల్చొచ్చా? ఆఫీసులో ఒకాయన కొనకూడదు గానీ కాల్చొచ్చంటున్నాడు.

#7 వేదిక_నిర్వాహకుడు

ఇది ప్రతి మూడు నెలలకోసారి వచ్చే ప్రశ్నే, అయినా మళ్ళీ చెప్తాను. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదు. హెచ్1బి, ఎఫ్1, విజిటర్ వీసా అన్నీ ఇందులోకే వస్తాయి. "కొనలేదు, కాసేపు పట్టుకున్నానంతే" అంటే చెల్లదు, అద్దె తుపాకీ చేతికి తీసుకోవడం కూడా ఆ లెక్కలోకే రావచ్చు. మినహాయింపులున్నాయి. ఎక్కువమంది వాడుకునేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువులో ఉన్న వేట లైసెన్సు. గ్రీన్ కార్డు వాళ్ళకి ఈ అడ్డు లేదు.

ఇమిగ్రేషన్ ఫైలు నడుస్తున్నవాళ్ళు స్నేహితుల మాట, ఇక్కడి నా మాట కాదు, వకీలు మాట వినండి.

గోదారోడు గారూ, నాన్నగారి చేతికి ఇవ్వలేదు కదా?

#8 గోదారోడు_డల్లాస్

లేదండి. కాల్చేవాళ్ళ వెనకుండే పసుపు గీతని ఆయన దాటలేదు. గుళ్ళ డబ్బా అందిస్తానని చేయి చాపితే కూడా నేనే వద్దన్నాను. "17 ఏళ్ళు ఎస్ఎల్ఆర్ రైఫిలు మోశాను, ఇప్పుడు కొడుకు బొమ్మ తుపాకీ ముట్టుకోకూడదంట" అని ఇంటికొచ్చేదాకా గొణుగుతూనే ఉన్నారు.

#9 పాత_తూటా (ఒహాయో)

నాలుగింటికీ జవాబులొచ్చాయి కాబట్టి ఇప్పుడు రాస్తాను. కాస్త పొడుగవుతుంది.

తుపాకీ గురి అనే మాటలో రెండు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, తుపాకీని బండకి బిగించి కాలిస్తే గుళ్ళు ఎంత చెదురుతాయనేది. అది తుపాకీది, తూటాది. రెండోది, మనం చేత్తో పట్టుకుని కాలిస్తే దానికి ఎంత కలుపుతామనేది. కాగితం మీద ఈ రెండూ కలిసే పడతాయి.

అవి కలిసే పద్ధతే అసలు విషయం. మామూలు కూడిక కాదు. లంబకోణ త్రిభుజం గుర్తు తెచ్చుకోండి. ఒక భుజం తుపాకీ, ఇంకో భుజం మనిషి. మీకు కాగితం మీద కనిపించేది కర్ణం.

మీ లెక్కే వేద్దాం. మామూలు 10/22 ఓ మాదిరి గుళ్ళతో 50 గజాల్లో అంగుళంపావు దాకా కొడుతుందనుకోండి. నేను చూసినవన్నీ ఆ దరిదాపుల్లోనే కొట్టాయి. మీ వంతు మూడున్నర అంగుళాలు అనుకుందాం. 1.25 వర్గం 1.56, 3.5 వర్గం 12.25, మొత్తం 13.81. దాని వర్గమూలం 3.7. మీ పూరీ!

ఇప్పుడు రెండు వందల డాలర్లు పోసి బ్యారెలు మార్చి, తుపాకీ వంతు సగానికి, అంటే 0.6కి తెచ్చామనుకోండి. 0.36 కలుపు 12.25, వర్గమూలం 3.55. అంటే రెండు వందల డాలర్లకి మీకు దక్కేది అంగుళంలో ఆరో వంతు.

అదే డబ్బు జేబులో ఉంచుకుని, మీ వంతు మూడున్నర నుంచి ఒకటిన్నరకి దించారనుకోండి. 1.56 కలుపు 2.25, వర్గమూలం 1.95. తుపాకీ అదే, గ్రూపు సగం.

(లెక్కల మాస్టార్లు తిట్టకముందే నేనే చెప్పేస్తున్నా. రెండు దూరపు చిల్లుల కొలతకి ఇది అచ్చుగుద్దినట్టు సరిపోదు. అందాజుకి చాలు.)

ఇక చేయాల్సినవి. బేసు స్క్రూలు తీసి, నూనె తుడిచి, మళ్ళీ బిగించండి. బట్టుకి తుపాకీని పట్టి ఉంచే స్క్రూ ఒకటే ఉంటుంది, మ్యాగజైనుకి కాస్త ముందు. దాన్ని ప్రతిసారీ ఒకే బిగువుకి తేవాలి, ఒకరోజు వదులు ఒకరోజు బిగువు పనికిరాదు. ముందు బ్యారెలునీ చెక్కనీ కలిపి పట్టే బ్యాండు కూడా చూడండి. అది బ్యారెలుని ఓ పక్కకి నొక్కుతుంటే తుపాకీ వేడెక్కిన కొద్దీ గుళ్ళు జరుగుతాయి.

గుళ్ళు మార్చండి. 40 గ్రెయిన్ల స్టాండర్డ్ వెలాసిటీ రకం, సెకనుకి 1070 అడుగుల దరిదాపుల్లో పోయేవి, నాలుగైదు కంపెనీలవి ఒక్కో డబ్బా తెచ్చుకోండి. శబ్ద వేగం సుమారు 1125 అడుగులు. వేగం గుళ్ళు 1235 దగ్గర బయలుదేరి దారిలో ఆ గీత దాటి కిందికి దిగుతాయి, అక్కడ కొన్ని తూలతాయి. స్టాండర్డ్‌వి మొదటి నుంచీ గీత కిందే ఉంటాయి. ఏ కంపెనీది మీ బ్యారెలుకి పడుతుందో కాల్చి చూస్తే తప్ప తెలియదు, నా తుపాకీకి పడ్డది మీదానికి పడకపోవచ్చు. రకం మార్చినప్పుడల్లా మొదటి పది పన్నెండు గుళ్ళు లెక్కలోకి తీసుకోకండి. పాత గుళ్ళ మైనం, సీసం బ్యారెల్లో ఉండిపోతాయి, కొత్తవాటి పూత పరుచుకునేదాకా గుళ్ళు పడే చోటు మారుతూనే ఉంటుంది.

స్కోపు పెద్ద తుపాకులకి చేసినదైతే దాని పారలాక్స్ 100 గజాలకి కట్టి ఉంటుంది. 50లో కన్ను కొంచెం పక్కకి జరిగినా గురి జరుగుతుంది. చెంప ప్రతిసారీ బట్టు మీద ఒకే చోట ఆనించండి.

చివరగా, ఇసుక సంచులు. ముందొకటి, బట్టు కింద చిన్నదొకటి. ఇవి లేకుండా తుపాకీ మంచిదా కాదా అని అడగడమే తప్పు.

#10 సీమ_టపాకాయ్

కర్ణం అంటే నాకు కర్ణుడే గుర్తొచ్చినాడు సామీ. ఆయప్పకీ ఇదే గతి. విల్లు బాగుండాది, బాణం బాగుండాది, ఆఖర్లో బండి చక్రం కూరుకుపోయె. బేసు స్క్రూ చూసుకోల్యా!

#11 క్యాడెట్_లక్ష్మి (కాకినాడ → న్యూజెర్సీ)

గోదారోడు గారూ, నాన్నగారు కనిపెట్టింది నూటికి నూరుపాళ్ళు నిజం. దాన్ని ఫ్లించ్ అంటారు. .22కి తన్ను లేకపోయినా పక్క బెంచీల్లోని పెద్ద తుపాకుల మోతకి కూడా వస్తుంది. చెవులకి లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ పెట్టుకోండి.

నేను కాలేజీలో ఎన్‌సీసీ షూటింగ్ టీములో ఉండేదాన్ని. మావి పాయింట్ 22 బోల్ట్ రైఫిళ్ళు, 25 గజాల రేంజి, బోర్లా పడుకుని ఐదు రౌండ్ల గ్రూపింగు. ఇన్‌స్ట్రక్టరు హిందీలో మూడే మూడు మాటలు చెప్పేవారు, అన్నంలో ఉప్పులా రోజూ. మజ్‌బూత్ పకడ్, దురుస్త్ శిస్త్, సహీ ట్రిగ్గర్ ఆపరేషన్. పట్టు, గురి, నొక్కు. నాన్నగారిని అడిగి చూడండి, నిద్రలో లేపినా అప్పజెబుతారు.

సెమీ ఆటోతో చిక్కు మీరే చెప్పారు, "నొక్కుతుంటే పోతూనే ఉంది" అని. మాకు ప్రతి గుండుకీ బోల్టు లాగాలి కాబట్టి ఆగక తప్పేది కాదు, ఆ ఆగడంలోనే ఊపిరి సర్దుకునేది. మీకు ఆ ఆగడం తుపాకీ ఇవ్వదు, మీరే ఇచ్చుకోవాలి. మ్యాగజైన్లో రెండేసి గుళ్ళే నింపి చూడండి.

పేలాక కూడా ట్రిగ్గర్ని అలాగే వెనక్కి పట్టి ఉంచి, గురి ఎక్కడికి ఎగిరి ఎక్కడికి దిగిందో చూసి, అప్పుడు వేలు వదలండి. పేలీ పేలగానే తల ఎత్తి ఎక్కడ తగిలిందా అని చూసేవాళ్ళ గుళ్ళు కాగితం పైకి ఎక్కుతాయి.

#12 ఓరుగల్లు_శీను (హ్యూస్టన్)

గీ .22 కి గింత శాస్త్రమా. నేనైతే జెప్పిన మాట మీదనే ఉన్న. ఏఆర్, 100 గజాలు, అంగుళం. ఫోటో పెడ్త ఆగుండ్రి.

#13 పాత_తూటా (ఒహాయో)

ఫోటో పెట్టే ముందు చెప్పు, ఎన్ని గుళ్ళు?

#14 ఓరుగల్లు_శీను (హ్యూస్టన్)

మూడు.

#15 పాత_తూటా (ఒహాయో)

అనుకున్నా.

మూడు గుళ్ళతో ఎవరైనా అంగుళం కొడతారు, నాలుగు కాగితాలు పాడుచేసి ఐదోది ఫోటో తీస్తే చాలు. అదే తుపాకీ, అదే మనిషి, మూడు గుళ్ళ గ్రూపుల సగటు అంగుళం ఉంటే పది గుళ్ళ గ్రూపుల సగటు అంగుళమున్నర దాటుతుంది. తుపాకీ పాడవలేదు, గుళ్ళు ఎక్కువైన కొద్దీ దాని అసలు చెదురు బయటపడుతుందంతే.

సాదా ఏఆర్, 55 గ్రెయిన్ల మామూలు బాల్ గుళ్ళతో, పదేసి కాలిస్తే 100 గజాల్లో రెండు మూడు అంగుళాలు వస్తుంది. అది మంచి తుపాకీయే. 69, 77 గ్రెయిన్ల మ్యాచ్ గుళ్ళు (పోటీలకి చేసినవి) పెడితే ఇంకా దగ్గరకొస్తుంది, కాకపోతే నొక్కిన ప్రతిసారీ పర్సు కూడా పేలుతుంది. నీ తుపాకీ మీద నాకు కోపం లేదు శీనూ, నీ మూడు మీదే.

పది గుళ్ళు, ఒకే కాగితం, ఒకే గురి. ఏ గుండునీ "అది లెక్కలోకి రాదు, చెయ్యి కదిలింది" అనకూడదు.

#16 వీసా_వెయిటింగ్

ఈ ఎంఓఏ అంటే ఏంటండీ? నెట్‌లో అందరూ 2 ఎంఓఏ, 4 ఎంఓఏ అంటున్నారు. కాల్చకూడదు సరే, అర్థమైనా చేసుకుంటాను.

#17 క్యాడెట్_లక్ష్మి (కాకినాడ → న్యూజెర్సీ)

మినిట్ ఆఫ్ యాంగిల్. కోణంలో ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక భాగం. 100 గజాల దగ్గర అది 1.047 అంగుళాల వెడల్పు, అందరూ అంగుళమనే అంటారు. 50లో అరంగుళం, 200లో రెండంగుళాలు. దూరం ఏదైనా గురిని ఒకే కొలతలో చెప్పుకోవడానికి. గోదారోడు గారి పూరీ 50 గజాల్లో 3.75 అంగుళాలు కాబట్టి ఏడు ఎంఓఏ పైమాట.

#18 గోదారోడు_డల్లాస్ (రెండు వారాల తర్వాత)

చాలా జరిగింది, చెప్తాను.

మొదట ఇంట్లో. గుళ్ళన్నీ మేడ మీద బీరువాలో పెట్టి తాళం వేసి, ఖాళీ తుపాకీతో గరాజులో రోజూ ఇరవై నిమిషాలు. 10/22ని ఖాళీగా నొక్కినా ఫైరింగ్ పిన్ను చెడదని రేంజి ఆయన చెప్పాడు. నాన్నగారు ఆర్మీలో చేయించిన పద్ధతే పెట్టారు, బ్యారెలు కొసన ఒక రూపాయి బిళ్ళ నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కాలి, బిళ్ళ పడకూడదు. ఆయన తుపాకీ ముట్టుకోకూడదు కాబట్టి బిళ్ళ మా అబ్బాయి పెడతాడు. వాడికి పదకొండేళ్ళు. పడగానే సిమెంటు మీద "టింగ్" మంటుంది, కుర్చీలోంచి "ఏక్" అని వినిపిస్తుంది. మొదటిరోజు ఇరవైలో పద్నాలుగు టింగులు. నాన్నగారు పద్నాలుగూ హిందీలోనే లెక్కపెట్టారు.

నా తప్పేంటో మూడోరోజుకి దొరికింది. ట్రిగ్గర్ గట్టిది కదా, వేలి మధ్య కణుపు దాకా దూర్చి మొత్తం చేత్తో పిండుతున్నాను. బొటనవేలు కూడా బిగుసుకుంటోంది, దాంతో బ్యారెలు కిందికీ కుడికీ లాగుతోంది. వేలి కొస మెత్తటి భాగంతో, మిగతా చేతిని అసలు పట్టించుకోకుండా నొక్కితే బిళ్ళ నిలబడింది. వారం చివరికి ఇరవైలో మూడు టింగులు.

తర్వాత రేంజి. స్క్రూలు బిగించి, ఇసుక సంచులు పెట్టి, స్టాండర్డ్ వెలాసిటీ గుళ్ళు మూడు రకాలు. మొదటి పది కాల్చి వదిలేశాను. తర్వాత ఐదేసి గుళ్ళ గ్రూపులు, ఒక రకంతో 50 గజాల్లో: 1.4, 1.1, 1.6, 1.2, 1.9. రెండో రకం అటూ ఇటూగా ఇంతే. మూడోది, అన్నిట్లోకీ ఖరీదైనది, నా బ్యారెలుకి నచ్చలేదు, రెండు దాటింది. పాత చవక డబ్బా కూడా సంచుల మీద పెట్టి చూశాను, రెండుంబావు. అంటే పూరీలో గుళ్ళ వాటా కొంతే. మిగతాదంతా నేనూ, ఆ బేసు స్క్రూవూ.

ఇప్పుడు గారె సైజుకి వచ్చానండి. బ్యారెలు కొనడం లేదు.

#19 సీమ_టపాకాయ్

నడిమధ్యన బొక్క గూడా పడిందంటే అచ్చు గారే నాయనా.

#20 పాత_తూటా (ఒహాయో)

ఆ 1.9 ని కూడా రాశారు చూడండి, అది నచ్చింది నాకు.

శుభ్రం చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. 10/22కి వెనక నుంచి రాడ్డు దూరదు, రిసీవరు గోడ అడ్డం. చాలామంది ముందు మూతి నుంచి ఇనుప రాడ్డు పొడిచి అంచు అరగ్గొట్టుకుంటారు. గుండు తుపాకీని ఆఖరుగా తాకేది ఆ అంచునే, అది పోతే అప్పుడు నిజంగానే బ్యారెలు మార్చాలి. తాడులా లాగే రకం వాడండి, అదీ ఎప్పుడో ఒకసారి.

#21 గోదారోడు_డల్లాస్

నాన్నగారికి చదివి వినిపించాను. "ఫుల్‌త్రూ, చిందీ అను, ఇంత కథెందుకు" అన్నారు. ఫుల్‌త్రూ అంటే బ్యారెల్లోంచి లాగే తాడు. ఆర్మీలో బట్టపీలికని చిందీ అనేవారట, రైఫిలు చెక్ చేసే రోజు చిందీ మీద నల్లటి చార కనిపిస్తే ఆదివారం సెలవు పోయినట్టేనట.

ఇంకో ప్రశ్న. సంచుల మీద ఓకే. కానీ లేచి నిలబడి కాలిస్తే 25 గజాల్లో కాగితం ప్లేటు కూడా కొన్నిసార్లు తప్పిపోతోంది. ఇది మామూలేనా?

#22 క్యాడెట్_లక్ష్మి (కాకినాడ → న్యూజెర్సీ)

చాలా మామూలు. అసలు ఆట అక్కడే మొదలవుతుంది.

ఇది ఒకసారి చేసి చూడండి. ఖాళీ తుపాకీతో గురి పెట్టండి. కళ్ళు మూసుకోండి. రెండు ఊపిరులు తీసి వదిలి, ఒళ్ళు వదులు చేసి, కళ్ళు తెరవండి. గురి పక్కకి పోయి ఉంటుంది. ఎక్కడికి పోయిందో అదే మీ ఒంటికి సహజమైన గురి. చేతులతో లాగి దాన్ని మధ్యకి తేకండి. కండ కాసేపే పడుతుంది, నొక్కే క్షణంలో వదిలేస్తుంది, గుండు ఆ సహజమైన వైపే పోతుంది. చేతులు కదపకుండా పాదాలు జరపండి. పడుకుని ఉంటే పొట్టని ఇరుసు అనుకుని కాళ్ళు పక్కకి జరపండి. మళ్ళీ కళ్ళు మూసి తెరవండి. తెరిచేసరికి గురి మధ్యలోనే ఉండాలి.

రెండోది, స్లింగు. మోసుకెళ్ళే పట్టా కాదు, ఎడమ చేతికి, భుజం కాస్త కింద ఉచ్చులా బిగించుకునే వెబ్ స్లింగు. పడుకునో కూర్చునో అది బిగిస్తే తుపాకీ బరువు కండ మీద కాకుండా ఎముక మీద పడుతుంది. నిలబడ్డప్పుడు దాని సాయం కాస్త తక్కువే.

#23 పాత_తూటా (ఒహాయో)

గోదారోడు గారూ, మీ టెక్సస్‌లో యాపిల్‌సీడ్ అని వారాంతపు శిక్షణ జరుగుతుంటుంది, 2006 నుంచి దేశమంతా పెడుతున్నారు. వెళ్ళండి. మీ తుపాకీ అక్కడికి సరిగ్గా సరిపోతుంది, అక్కడ సగం మంది చేతుల్లో 10/22లే ఉంటాయి.

అంతా 25 మీటర్లలోనే. బొమ్మల్ని చిన్నవి చేసి 100, 200, 300, 400 గజాల్లో కనిపించేంత సైజులో పెడతారు. పరీక్షలో 40 గుళ్ళు. నిలబడి పది, రెండు నిమిషాలు. కూర్చునో మోకాలి మీదో పది, 55 సెకన్లు, మధ్యలో మ్యాగజైను మార్చాలి. పడుకుని పది, 65 సెకన్లు, అందులోనూ మార్పుంది. ఆఖరి పది పడుకుని నెమ్మదిగా, ఐదు నిమిషాలు, వాటికి రెట్టింపు మార్కులు. మొత్తం 250. 210 వస్తే రైఫిల్‌మ్యాన్ అని గుడ్డ బిళ్ళ ఇస్తారు.

వాళ్ళు కోరేది నాలుగు ఎంఓఏ. మీ తుపాకీ ఇప్పటికే మూడు దగ్గర కొడుతోంది. శీనూ, నువ్వు కూడా వెళ్ళు.

#24 ఓరుగల్లు_శీను (హ్యూస్టన్)

సరే, ఇజ్జత్ పోతే పోయింది, జెప్తా. పది గుళ్ళు, ఒకే కాగితం, 100 గజాలు, 55 గ్రెయిన్ల బాల్. 3.2 అంగుళాలు. మళ్ళొక్కసారి కొట్టిన, 2.9. మొదటి మూడు మాత్రం అంగుళం లోపటనే ఉన్నయ్, ఒట్టు.

గా యాపిల్‌సీడ్ ఏడ జరుగుతదో లింకు పెట్టు అన్నా.

#25 గోదారోడు_డల్లాస్ (నెలన్నర తర్వాత)

వెళ్ళొచ్చాం. శీను గారు హ్యూస్టన్ నుంచి నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చారు, పక్క పక్క చాపలే మావి. ఆయన కూడా ఒక 10/22 కొనుక్కొచ్చారు. ఇది ఇక్కడ చెప్పొద్దన్నారు.

పొద్దున్నే మొదట పెట్టే బొమ్మ ఎర్రకోటు. (నాన్నగారికి చెబితే "ఎర్రకోటా? ఢిల్లీలోదా?" అన్నారు. కాదండి, రెండున్నర శతాబ్దాల కిందటి బ్రిటిష్ సిపాయిల కోటు.) దాని మీద 13 గుళ్ళు. నావి ఏడు తగిలాయి. 100 గజాల బొమ్మకి మూడూ, 200కి మూడూ, 300కి ఒకటి, 400కి సున్నా.

శనివారం మధ్యాహ్నం మొదటి పరీక్ష 143. పడుకున్నవి బానే వచ్చాయి. కూర్చునేదాంట్లో మ్యాగజైను మార్చడానికి జేబులో వెతుక్కుంటూ 20 సెకన్లు పోగొట్టుకున్నాను, మిగిలిన గుళ్ళు గబగబా, మళ్ళీ పాత పూరీ. ఆదివారం 178, 191, ఆఖరుది 203. ఏడు మార్కుల్లో బిళ్ళ పోయింది. ఆ ఏడూ ఎక్కడ పోయాయో నాకు తెలుసు, నిలబడి కొట్టినదాంట్లో ఇద్దరు మనుషుల్ని పెట్టొచ్చు, అంత ఖాళీ.

తుపాకీ రెండు రోజుల్లో మూడు వందల పైచిలుకు గుళ్ళు కాల్చింది. రెండుసార్లు మాత్రం ఖాళీ కేసు బయటికి పోకుండా ఇరుక్కుంది. అదే ట్రిగ్గరు, అదే బ్యారెలు. స్కోపు మాత్రం తీసేసి పీప్ సైట్లు (చిన్న రంధ్రంలోంచి గురి చూసేవి) పెట్టాను, శిస్త్ అంటే అద్దంలోంచి చూసేది కాదని ఇంట్లో ఒకాయన పోరు.

ఆయన రెండు రోజులూ వెనక టెంటు కింద, చెవులకి మఫ్‌లు పెట్టుకుని కూర్చున్నారు. శిక్షణ ఇచ్చే ఆయన వియత్నాంలో పనిచేశారట, ఇద్దరూ లంచ్‌లో ఇంగ్లీషు సగం, చేతులు సగం. ఎస్ఎల్ఆర్ గ్యాస్ రెగ్యులేటర్ ఎలా తిప్పాలో నాన్నగారు పులిహోర డబ్బా మూతతో చూపించారు.

#26 క్యాడెట్_లక్ష్మి (కాకినాడ → న్యూజెర్సీ)

203! ఒక్క పోస్టులో 143 నుంచి 203 దాకా వచ్చేశారు. నిలబడేటప్పుడు ఎడమ మోచెయ్యి గాల్లో ఉంటోందా, పక్కటెముకలకి ఆనుతోందా? ఫోటో ఉంటే పెట్టండి.

#27 ఓరుగల్లు_శీను (హ్యూస్టన్)

నా మార్కులు ఎవ్వరు అడుగుతలేరు. మంచిదే. 10/22 సంగతి ఎట్లనూ జెప్పేసిండు గనక అడుగుతున్న, ఎడమ చేత్తోని మ్యాగజైను తీసే బటను చిన్నగ ఉంది, వేలు అందుతలేదు. పొడుగు బటను ఏదన్న ఉంటదా?

#28 పాత_తూటా (ఒహాయో)

ఉంటుంది. ఇరవై డాలర్ల లోపు. అది మాత్రం కొనుక్కో.

#29 గోదారోడు_డల్లాస్

లక్ష్మి గారూ, గాల్లోనే ఉంటోందండి. నాన్నగారు వచ్చే నెల 9న ఇండియా వెళ్తున్నారు. ఆలోపు ఫోటో తీయిస్తాను, ఆయన ఎలాగూ కుర్చీలోనే ఉంటారు. శీను గారూ, తర్వాతి యాపిల్‌సీడ్ మార్చిలో ఉంది, ఈసారి పులిహోర మీవంతు.

#30 వీసా_వెయిటింగ్

నేను చూడ్డానికి రావచ్చాండీ? పసుపు గీత దాటను. నాన్నగారి కుర్చీ అప్పటికి ఖాళీయే కదా.